మైకాయన పెరట్లో ఏనుగు

ఊరంతా అతన్ని మైకాయన అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు భార్యకైనా గుర్తుందో లేదో అనుమానమే. అడవిలోంచి పొలాల్లోకి ఏనుగులు ఎప్పుడు దిగుతున్నాయో, ఎప్పుడు తిరిగి వెళ్ళాయో చూసి, భుజానికి తగిలించుకున్న మైకులో ఊరికి చెప్పడం అతని ఉద్యోగం. సాయంత్రం ‘బయటికి రాకండి’ అనాలి. తెల్లవారాక వాగు రేవులో తిరుగు అడుగులు చూసుకుని, ‘పొలాలకు బయల్దేరండి’ అనాలి. ఈ రెండు కబుర్ల మధ్య అతని నిద్ర ఎక్కడో జారిపోయి చాలా ఏళ్ళయింది. క్షవరం చేయించుకుంటూ తల వాల్చేసి, ఒక పక్క మీసం పోగొట్టుకున్నాడు కూడా.

అతని మాట వినంది పక్కింటి పిన్ని ఒక్కతే. ఏనుగులు నడిచే దారి పక్కనే, మొక్కజొన్న చేను గట్టు మీద మంచం వేసుకుని ఒంటరిగా కాపలా పడుకుంటుంది. ఏనాడు ఏ కబురు వినాల్సొస్తుందోనని అతనికి భయం.

“ఇంట్లో పడుకో పిన్నీ. నేను చెబుతూనే ఉన్నాగా?”

“నువ్వు చెప్పింది తప్పదని పూచీ ఏంటి?”

“పూచీ నాది.”

“చూద్దాంలే,” అంది పిన్ని.

ఆ మర్నాడే అయింది ఆ పని. రేవులో మంద తిరిగి వెళ్ళిన అడుగులున్నాయి. మందలో కలవని ఒంటి ఏనుగు మాత్రం ఎప్పుడూ వాగు ఎగువన పైరేవులో దాటుతుంది. అక్కడిదాకా ఎక్కి చూడాలి. మోకాళ్ళు మొరాయించాయి. ‘అదీ మందతోనే పోయుంటుందిలే’ అనుకుని ఇంటి ముందుకొచ్చి మైకు అందుకున్నాడు.

“ఒక్క ఏనుగు కూడా మిగల్లేదు. నిశ్చింతగా బయల్దేరండి!”

పెరట్లో ఫెళ్ళున ఏదో విరిగింది. వంటింట్లోంచి భార్య పరుగెత్తుకొచ్చింది.

“ఏమండీ, మీ నిశ్చింత మన అరటి గెల తింటోంది!”

మైకు ఇంకా ఆపలేదు. ఊరంతా విన్నది. ఇళ్ళ పక్క గెలలు పండనివ్వొద్దని ఇంటింటికీ తిరిగి చెప్పింది కూడా ఈయనే మరి. ఏనుగు తీరిగ్గా గెల ముగించి, ప్రహరీ తోసుకుని అడవి దారి పట్టింది. జనం మాత్రం సాయంత్రం దాకా నవ్వుతూనే ఉన్నారు.

పొద్దు వాలుతుండగా పిన్ని మంచం ఈడ్చుకుంటూ గట్టుకు బయల్దేరింది. మైకాయన ఎదురొచ్చాడు. మైకు ఎత్తాడు.

“పొద్దున నేను చెప్పింది తప్పు. పైరేవు చూడకుండానే ఒక్కటీ మిగల్లేదన్నాను. ఇప్పుడు చూసొచ్చాను. ఒంటి ఏనుగు మొక్కజొన్న వైపే దిగుతోంది.”

“మైకు మీ ఆవిడకివ్వు నాయనా. ఆ పిల్ల కళ్ళతో చూసిందే చెప్పింది.”

“రేపట్నుంచి అలాగే ఇద్దాం. ఇవాళ్టికి లోపలికి పద.”

పిన్ని అతని కాళ్ళ వంక చూసింది. మోకాళ్ళ దాకా తడి, బురద.

“నిజంగానే వెళ్ళావా? ఆ కుంటుడేంటి?”

“వెళ్ళాను కాబట్టే.”

ఆమె మంచం కింద పెట్టింది.

“సరే, మంచం నువ్వే మొయ్యి.”

మోశాడు. ఆమె ఇంటి ముందు గదిలో మంచం వాల్చి, ఒక్క క్షణం నడుము ఆనిద్దామని కూర్చున్నాడు. పిన్ని మంచినీళ్ళు తెచ్చేసరికి గురక మొదలైంది. మైకు గుండెల మీదే ఉంది. వీధి చివరిదాకా వినబడుతోంది గురక.

పిన్ని వంగి మైకు కట్టేసింది. పోయిన మంచం గురించి గొణుక్కుంటూ తలుపు గడియ వేసి, లోపలి గదిలో చాప పరుచుకుంది. కాసేపటికి చేలో కంకులు విరుగుతున్న చప్పుడు వినిపించింది. అటు తిరిగి పడుకుందే గానీ లేవలేదు.