దించుతా, దంచుతా: జమ్మలమడుగు దారిలో ఒక పొద్దు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒక్కదాన్నే ఏ ఊరూ వెళ్లలేదు. రిటైరయ్యాక కాకినాడ నుంచి బయలుదేరి గండికోట లోయ, ఆపైన పులివెందుల అవతల గండి ఆంజనేయస్వామి గుడి చూద్దామనుకున్నాను. "ఒంటరిగా ఆ వైపా?" అని మా చెల్లెలు బోలెడు భయం నూరిపోసింది. ప్రొద్దుటూరులో బస చేసి, పొద్దున ఏడింటికి కారు మాట్లాడుకున్నాను. అన్నీ తిప్పి సాయంత్రానికి పులివెందులలో వదిలితే బాడుగ మూడున్నర వేలు. డ్రైవరు పేరు ఓబులేసు, ముప్పై ఏళ్లుంటాయేమో.

ఊరు దాటి శనగచేలు కనబడేసరికి అతనికి ఫోన్లు మొదలయ్యాయి. కిటికీలు తెరిచి ఉన్నాయి. గాలి హోరులో నాకు ముక్కలే వినబడుతున్నాయి. "రగతమా? శానానా?" అన్నాడు. అద్దంలో నన్నొకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఈయమ్మను ముద్దనూరులో దంచుతా."

ఫోన్‌లో మ్యాప్ తీసి చూశాను. గండికోట దారిలో ముద్దనూరు రాదు.

"ఎవరితో బాబూ?" అనడిగాను.

"ఏం లేదులేమ్మా, ఇంటి మాటలు."

ఇంటి మాటల్లో రక్తం ఎందుకు? కారు నెంబరు చెల్లెలికి పంపాను.

జమ్మలమడుగులో టిఫిన్ తింటానని హోటల్ దగ్గర ఆపించి, సంచీ కూడా తీసుకుని దిగాను. ఉగ్గాని బజ్జీ వడ్డిస్తున్నామెను వేరే కారు దొరుకుతుందా అని మెల్లగా అడిగి, విన్నది చెప్పాను. ఆమె గరిటె పక్కన పెట్టి నేరుగా అతని దగ్గరికే వెళ్లింది.

"ఏమప్పా, ఎవుర్ని దంచుతాండావు?"

ఓబులేసు మొహం పాలిపోయింది. "దంచేదేందక్కా? దించుతా అంటి. నా పెండ్లాం కాన్పుకు పులివెందుల ఆస్పత్రిలో ఉండాది. రగతం శానా పోతాందంట. ఈయమ్మను ముద్దనూరులో మా బామ్మర్ది కారెక్కించి నేను పోదామని. చెప్తే బాడుగే వద్దంటాదేమోనని చెప్పలా."

నేను అప్పటికీ నమ్మలేదు. వాళ్ల అత్తకు ఫోన్ చేయించి నేనే తీసుకున్నాను. అవతలామె నేనెవరో కూడా అడగలేదు. "యాడుండాడమ్మా?" అంది. 'యాడ' అంటే ఎక్కడ అని తట్టక, 'ఆడున్నాడా' అని వినబడి, "అక్కడ కాదమ్మా, ఇక్కడే" అన్నాను. "ఈడంటే యాడ?" అని ఆమె ఏడ్చేసింది. ఆ ఏడుపు మాత్రం నాకు సరిగానే వినబడింది.

గండికోట మానేసి నేరుగా పులివెందులకు పోనిమ్మన్నాను. ఆస్పత్రి ముందు తాళంచెవి కారులోనే వదిలేసి పరిగెత్తాడు. అది తీసి పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక వచ్చి నా పక్కనే కూలబడ్డాడు. "ఇద్దరూ బాగుండారమ్మా. ఆడబిడ్డ."

'దించుతా'కూ 'దంచుతా'కూ తేడా ఒక్క అచ్చు. దాన్ని గాలి మింగేస్తే, ఖాళీ పూరించింది నా భయం. మా గోదావరి యాసలో ఎవరైనా అనుంటే 'దించుతా' అనే వినేదాన్నేమో. ఇంకా ఆ సంగతి నన్ను వదల్లేదు.

మర్నాడు గండి చూశాను, గండికోట మిగిలిపోయింది. మీరు వెళ్తే ఒక్క జాగ్రత్త, పేర్లు ఒకేలా వినబడినా రెండూ వేరు: గండి వేంపల్లె వైపు, గండికోట జమ్మలమడుగు వైపు. కారెక్కే ముందే ఊరి పేరు పూర్తిగా చెప్పి, డ్రైవరు నోట మళ్లీ చెప్పించుకోండి.