మడ నీళ్ల నాచు

హజీరా నుంచి సూరత్ వస్తుంటే బస్సులో ఆ మెయిల్ చూశాను. మడ అడవి నీళ్లలో నాకు దొరికిన నాచు, మైక్రోస్కోపులో తప్ప కనిపించనిది, ఇంతవరకూ ఎవరికీ తెలియని కొత్త జాతేనని తేలింది. అమ్మకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. సూరత్‌లో చెప్పుకోవడానికి నాకింకెవరూ లేరు. పక్క సీట్లో, చొక్కాకు నూలు పోగులంటిన పెద్దాయన ఎవరితోనో తెలుగులో మాట్లాడి ఫోన్ పెట్టేశాడు. ఆగలేక ఆయనకే చెప్పేశాను.

ఆయన శ్రద్ధగా విన్నాడు.

"గంత చిన్నదా! ఒక్కటే ఉంటదా బిడ్డా, దాని ఎంబడి ఇంకేమన్న ఉంటయా?"

"ఒక్క చుక్కలోనే బోలెడుంటాయండీ."

"అయితే మంచిగనే ఉన్నది" అని నవ్వి, నా వైపు చూశాడు. "మరి నువ్వు?"

నేను కిటికీ వైపు తిరిగాను.

ఆయన సంచిలోంచి పల్లీపట్టి తీసి, విరిచి, పెద్ద ముక్క నా చేతిలో పెట్టాడు. "జర నోరు తీపి చేస్కో. ఐతారం మా ఇంటికి రా. గోడాదరల నా పేరు చెప్తే ఎవరన్న చూపెడ్తరు" అంటూ దిగిపోయాడు.

బస్సు కదిలాక గానీ తట్టలేదు, ఆయన పేరే అడగలేదని. అయినా ఆ ఆదివారం ఊరి చివరి గోడాదరా పేటకు వెళ్లాను. సందు సందునా తెలుగు వినిపిస్తూనే ఉంది. ఏమని అడగాలో తెలియక తిరిగొచ్చేశాను.