పిల్లల్లేని ఈలమ్మ

కూతురికి ఊహ తెలిశాక అమ్మ సైకిలెక్కగా చూసింది లేదు. అలాంటిది, ఆ శనివారం పొద్దున పాత బడి ఆవరణలో, తలకు హెల్మెట్, కాళ్లకు బూట్లు, కూతురే పారేయమన్న పాత ట్రాక్ ప్యాంటుతో, అమ్మ ఒక ఎర్ర సైకిల్ మీద గిర్రున మలుపు తిరిగి వచ్చి ఆగింది. ఊరికే ఆగిందా? నోట్లో రెండు వేళ్లు పెట్టుకుని చెవులు చిల్లులు పడేలా ఈల వేసింది. కూతురి చేతిలోని టీ పాదాల మీద ఒలికింది. కాలిన సంగతి కూడా ఆమెకు తెలియలేదు.

అమ్మ పెద్దమ్మ ఇంట్లో ఉండాలి కదా! నిన్న సాయంత్రమేగా సంచి సర్దుకుని, "అక్కకి మోకాళ్ల నొప్పులటే, రెండ్రోజులుండి వస్తా" అని బయల్దేరింది! ఆ మాటకొస్తే కూతురేం తక్కువ తినలేదు. షాపు వాళ్ల ట్రైనింగని అబద్ధమాడే వచ్చింది. సైకిలని చెబితే, ఎక్కడ పడతావో ఏమోనని అమ్మ గుండెలు బాదుకుంటుందని ఆమె భయం.

కూతురు కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. అక్కడ కళ్లు పరీక్ష చేసే అక్కే ఆమెను ఈ ఆడవాళ్ల రెండ్రోజుల సైకిల్ శిబిరానికి లాక్కొచ్చింది. ఆ అక్కకీ ఇదే మొదటిసారి. "పోటీ లేదట, బహుమతుల్లేవట. తొక్కడం, తినడం, నవ్వడం, పడుకోవడం. అంతే" అని ఊరించింది. నిజంగానే అలాగే ఉంది. నడవలేని ఒకావిడ చేతులతో తిప్పే మూడు చక్రాల బండి మీద వచ్చింది. చూపు లేని ఒకమ్మాయి ఇద్దరు కలిసి తొక్కే జంట సైకిల్ వెనక సీట్లో కూర్చుని, "కాస్త కాళ్లాడించు తల్లీ, బరువంతా నేనే లాగుతున్నా" అని ముందున్నావిడను దెప్పుతోంది. వీళ్లందరినీ నడిపించేది రిటైరైన బస్సు కండక్టరు. అందరికీ కండక్టరమ్మ.

ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి సరిగ్గా అమ్మ ముందే నిలబెట్టింది.

"కొత్త పిల్ల. నీ వెనకాల పెట్టుకో ఈలమ్మా."

ఈలమ్మా! అమ్మ ముఖం తెల్లగా పాలిపోయింది. ఒక్క క్షణం. ఆ తర్వాత, ఎంత గుండె ధైర్యమో చూడండి, "బ్రేకులు చూసుకున్నావా అమ్మాయ్?" అంది. ఎవరో పరాయి పిల్లను అడిగినట్టు.

కూతురికి తెలిసిన అమ్మ వేరు. ఆవిడ జీవితమంతా ఆసుపత్రి కుట్టు గదిలోనే గడిచింది. నడుమ చిరిగిన దుప్పట్లను నిలువునా కోసి, గట్టిగా ఉన్న అంచుల్ని నడిమికి తెచ్చి కుట్టేది. భర్త పోయిన వారానికే మళ్లీ మిషను ముందు కూర్చుంది. నలుగురిలో నోరు విప్పేది కాదు. చిన్నప్పుడు ఒకసారి కూతురు ఈల వేస్తే, "ఆడపిల్లవేనా నువ్వు?" అని వీపు విమానం మోత మోగించింది. అదే కూతురు పెళ్లి పెటాకులై పెట్టెతో గుమ్మంలో నిలబడితే మాత్రం ఎందుకని అడగలేదు. పెట్టె అందుకుని, "తిన్నావా?" అంది. అప్పటినుంచీ తల్లీకూతుళ్లిద్దరూ ఆ రెండు గదుల్లోనే. కూతురికి కాస్త ఆలస్యమైతే చాలు, అమ్మ వీధి మలుపులో నిలబడి ఉంటుంది.

అలాంటి మనిషిని వదిలి ఎక్కడికి పోవడం? షాపు యజమాని వేరే ఊళ్లో కొత్త షాపు తెరుస్తున్నాడు. "నువ్వెళ్లి చూసుకుంటావా? సోమవారానికల్లా చెప్పు" అన్నాడు. చెప్పడానికేముంది? ఇదివరకోసారి చెప్పినట్టే, కుదరదనే. అమ్మ ఒక్కతే ఉండలేదు.

బయల్దేరారు. ఒక్కతే ఉండలేదనుకున్న అమ్మ ముందు తొక్కుతూ, మలుపు మలుపుకీ ఈల వేస్తూ, వెనకవాళ్ల జోకులకు పగలబడి నవ్వుతూ పోతోంది. కూతురు ఆ వీపు వంకే చూస్తూ రెండుసార్లు గోతిలో పడబోయింది.

మొదట ఆగిన చోట మూడు చక్రాల బండావిడ నీళ్ల సీసా అందిస్తూ గొంతు తగ్గించింది. "మా ఈలమ్మ బంగారమనుకో. పాపం, పిల్లల్లేరు."

"ఎవరు చెప్పారు?"

"తనే. వచ్చిన మొదటిరోజే చెప్పింది. నీలాంటి పిల్ల ఒకత్తి ఉంటే ఎంత బావుండేదో."

నీళ్లు కూతురి గొంతుకు అడ్డం పడ్డాయి. పిల్లల్లేరా! మరి తనెవరు? ఆకాశం నుంచి ఊడిపడిందా? కన్నతల్లే నలుగురిలో తనను లేకుండా చేసేసింది! ఏడుపు రాలేదు. సీసా మూత బిగించి వెనక్కిచ్చేసింది.

మధ్యాహ్నం ఎత్తు రోడ్డు వచ్చింది. తొక్కలేనివాళ్లు దిగి నడవచ్చు, ఒకరు తోడుండాలి. అది అక్కడి పద్ధతి. కూతురు కావాలనే దిగింది. అమ్మ ఆగక తప్పలేదు. మిగతావాళ్లు పైకి పోయేదాకా కూతురు ఓపిక పట్టింది.

"నేను బతికుండగానే నీకు పిల్లల్లేకుండా పోయారా అమ్మా?"

"అరవకే, వింటారు."

"విననీ!"

అమ్మ చెంగు కోసం నడుము దగ్గర తడుముకుంది. చెంగు లేదు. చేత్తోనే ముఖం తుడుచుకుంది. "ఉందంటే నీ గురించే అడుగుతారు. పెళ్లయిందా, ఎందుకొచ్చేసింది, అని. నిన్ను వాళ్ల నోళ్లలో పెట్టబుద్ధి కాలేదు."

"అంతేనా?"

"అంతే కాదు." "మీ షాపు తుడిచే ఆవిడ ఆమధ్య బజార్లో కనబడి చెప్పింది. వేరే ఊరు పంపిస్తామంటే నా కోసమని వద్దన్నావట కదా, అప్పుడెప్పుడో. నా ప్రాణం ఉసూరుమంది. నా కొంగు పట్టుకునే ముసలిదానివైపోతావా ఏమిటి? అందుకే నువ్వు లేకుండా ఉండటం నేర్చుకుందామని వచ్చా. ప్రతిసారీ అక్క దగ్గరికని నీకు చెప్పి వచ్చి, రెండ్రోజులు నాకెవరూ లేరనుకుని ఉండి చూశా. మొదటిసారి దారంతా ఏడుస్తూనే తొక్కాను."

"తర్వాత?"

"తర్వాత..." అమ్మ తప్పు చేసినదానిలా నవ్వింది. "బాగుందే."

ఆ ఒక్క మాటకు చెంప ఛెళ్లుమన్నట్టయింది. అమ్మ ఉండలేదు, అమ్మ ఉండలేదు అని తను ఊరందరికీ చెప్పుకు తిరిగిందే! కొత్త ఊరంటే భయం ఎవరికి? మొగుణ్ణెందుకు వదిలేశావని కొత్తవాళ్లు అడుగుతారని వణికిందెవరు? ఇన్నాళ్లూ అమ్మను అడ్డం పెట్టుకుని దాక్కున్నది తనే.

"నేను ఉండగలనే. నీ సంగతి చెప్పు" అంది అమ్మ.

కూతురికి రోషం ముంచుకొచ్చింది. అమ్మ మీదో, తన మీదో. "మళ్లీ అడిగారులే, చూడు" అని సైకిల్ రోడ్డు పక్కన పడేసి, ఫోను తీసి యజమానికి చేసింది.

"నేను వెళ్తానండీ. ఆలోచించుకునే చెబుతున్నా. ఎప్పుడైనా సరే."

ఫోను పెట్టేసి, చూశావా అన్నట్టు వెనక్కి తిరిగింది. అమ్మ లేదు. కిందకి చూస్తే రోడ్డు పక్కన మట్టిలో చతికిలబడి ఉంది.

"ఒప్పేసుకున్నావా?"

"ఒప్పుకోమన్నది నువ్వేగా!"

"అన్నాననుకో..." అమ్మ వేలితో మట్టి గీరింది. "ఇంత తొందరగానా?"

పైనుంచి కండక్టరమ్మ పరుగులాంటి నడకతో దిగి వచ్చింది. "ఏమైంది ఈలమ్మా? పడ్డావా? దెబ్బ తగిలిందా?"

అమ్మ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మా అమ్మాయండీ. నన్నొదిలేసి వేరే ఊరు వెళ్లిపోతోంది" అంటూ చిన్నపిల్లలా బావురుమంది.