బల్ల మీద పెట్టిన స్పీకరు

ముత్తియాల్‌పేటలో విజయరంగన్ నడిపే రేడియో రిపేరు అంగడికి రేడియోలు లేనివాళ్లు కూడా వచ్చేవారు, ఆసిలేటర్ కోసం. ఎవరో ఫ్రెంచివాళ్లు ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మేసిన పాత ఇనుప పెట్టె అది. చక్రం తిప్పితే లావు మోత నుంచి సన్నటి కూత దాకా స్పీకర్లో పలికేది. రేడియోల కోసం కొన్నాడు గాని, వీధి జనం దానితో చెవులు పరీక్షించుకునేవారు. ఆ గౌరవం అతనికి తీపిగానే ఉండేది.

డెబ్బై ఎనిమిదిలో ఎదురింటి వసంతమ్మ ఏడాది కూతురు కనగాన్ని తెచ్చింది. పిలిస్తే బిడ్డ చూడడం లేదని అత్త సాధిస్తోందట. అతను బిడ్డను బల్ల మీద కూర్చోబెట్టి, వెనక అదే బల్ల మీద స్పీకరు పెట్టి చక్రం తిప్పాడు. లావు మోతకు కనగం గిరుక్కున తిరిగి నవ్వింది.

"చెవులు బాగుండాయి మా. మిషనే చెప్తాండాది. గోరిమేడు ఆసుపత్రికి పొయ్యేది దండగ."

ఆ మాట పట్టుకుని వసంతమ్మ రెండేళ్లు అత్తతో పోట్లాడింది.

ఒకరోజు కనగం అంగట్లో నేల మీద ఆడుకుంటోంది. గోడకు వేలాడుతున్న స్పీకరు చెవులు చిల్లులు పడేలా కూసింది. బిడ్డ తలెత్తలేదు. విజయరంగన్ చక్రం వెనక్కి తిప్పేశాడు. లావు మోతకు స్పీకరు పలుకుతోందో లేదో తెలియడానికి తానూ బల్ల మీద అరచెయ్యే ఆనించి చూసేవాడు. ఆనాడు బిడ్డకు తెలిసింది మోత కాదు, బల్ల అదురు.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకే తనమీద తనకు అసహ్యమేసింది. వీధి దాటి వసంతమ్మను పిలుచుకొచ్చాడు.

"ఆ పొద్దు బిడ్డకు వినబళ్లేదు మా. బల్ల అదిరింది, అంతే. తప్పు నాదే."

"ఏంది అణ్ణా, తమాషా చేస్తాండావా?"

అతను మళ్లీ చక్రం తిప్పాడు. వసంతమ్మ చెవులు మూసుకుంది. కనగం ఖాళీ తీగచుట్టను దొర్లిస్తూనే ఉంది.

ఆమె ఏడవలేదు. బిడ్డను చంకనెత్తుకుంది.

"మిషను, మిషనని మా అత్త నోరు మూయిస్తినే! ఇప్పుడు యాడికి పొయ్యేది?"

"గోరిమేడుకు. నేనూ వస్తా."

"రావాల్సిందే. ఇన్నాళ్లు ఎందుకు తేలేదని డాక్టరు అడిగితే నువ్వే చెప్పల్ల. నేను చెప్పను."

రిక్షాలో కనగం ఇద్దరి మధ్యా కూర్చుంది. దారిపొడుగునా అతను డాక్టరుకు చెప్పే మాటలు కూర్చుకున్నాడు. ఎట్లా మొదలుపెట్టినా ముందు మిషను పేరే వస్తోంది. అది కొట్టేసి, "నేను" అని మళ్లీ మొదలుపెట్టాడు.