పసుపు పెట్టిన పద్యం

నా చిన్నప్పుడు కెనడాలోని మిస్సిసాగాలో మా వీధి మొత్తానికి మాదొక్కటే తెలుగు ఇల్లు. పక్కింట్లో ఒక నల్లజాతి ఆంటీ ఉండేవారు. వాళ్ళ పూర్వీకులు అమెరికాలో బానిసత్వం నుంచి తప్పించుకుని, సరిహద్దు దాటి ఇక్కడికి చేరినవాళ్ళు. బానిసత్వం పోవాలని ఆ కాలంలో గొంతెత్తిన కవులు స్వయంగా రాసి, సంతకం పెట్టిన పద్యాలను సేకరించడమంటే ఆంటీకి ప్రాణం. అచ్చు పుస్తకం ఎంత పాతదైనా ఆవిడ కంటికి ఆనేది కాదు. ఈ దేశంలో మా అమ్మమ్మకున్న ఒకే ఒక స్నేహితురాలు కూడా ఆవిడే. ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఇద్దరూ గంటలకొద్దీ కూర్చునేవారు.

ఒక శనివారం ఆంటీ కొత్తగా దొరికిన కాగితమొకటి పట్టుకొచ్చారు. ఎన్నో ఏళ్ళుగా వెతుకుతున్నదట, ముఖం వెలిగిపోతోంది. ఇంతలో వాళ్ళింట్లో ఫోన్ మోగితే దాన్ని మా భోజనాల బల్ల మీద ఉంచి వెళ్ళారు. అదేమిటని అమ్మమ్మ అడిగింది. మనుషుల్ని అమ్మకూడదని ఒక కవి తన చేత్తో రాసిన పద్యమని చెప్పేసి, నేను టీవీ ముందు కూర్చున్నాను.

ఆంటీ తిరిగొచ్చేసరికి కాగితం నాలుగు మూలలా తడి పసుపు మెరుస్తోంది.

నాన్న "సారీ చెప్పు, సారీ చెప్పు" అని నన్ను మోచేత్తో పొడవడం మొదలుపెట్టారు. ఏం తప్పు జరిగిందో తెలియక అమ్మమ్మ వేళ్ళు కొంగుకు తుడుచుకుంటోంది. ఇక ఆంటీ మా గడప తొక్కరనీ, అమ్మమ్మ ఒంటరిదైపోతుందనీ నాకు ఏడుపొచ్చింది.

ఆంటీ కాగితాన్ని జాగ్రత్తగా ఎత్తి చూశారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత నా వైపు తిరిగి, "ఎందుకలా చేశారో అమ్మమ్మను అడుగు" అన్నారు.

"పెళ్ళి శుభలేఖకే పెడతామే, అంత గొప్ప మాట రాసినదాన్ని బోసిగా వదిలేస్తామా?" అంది అమ్మమ్మ.

నాకొచ్చిన ఇంగ్లీషులో అదే చెప్పాను. ఆంటీ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వారు. ఇలాంటి కాగితాలు దొరికితే తగలబెట్టిన రోజులున్నాయని, ఒకదానికి పూజ జరగడం మాత్రం ఇదే మొదటిసారి చూస్తున్నానని అన్నారు. పాడైంది పాడైందేనని, తనకు బాధగానే ఉందని కూడా దాచకుండా చెప్పారు. ఆ తర్వాత ఏ పద్యం దొరికినా ముందు మా ఇంటికే తెచ్చేవారు. పసుపు మాత్రం పద్యానికి కాదు, దాన్ని పెట్టి తెచ్చిన అట్ట కవరుకే! ఆవిడ చదివితే నేను తెలుగులో చెప్పేదాన్ని, అమ్మమ్మ చేతులు జోడించి వినేది.

ఇప్పుడు నాకూ మనవలున్నారు. అపురూపంగా దాచుకున్నదాన్ని ఎవరైనా పాడుచేస్తే ఒళ్ళు మండుతుంది, అబద్ధమెందుకు? అయినా ముందు "ఎందుకలా చేశావు?" అనే అంటాను. అలా అడగడం ఆంటీని చూసి ఆ ఒక్క రోజులోనే నేర్చుకున్నాను. జవాబు వినేదాకా ఆగడం నేర్చుకోవడానికే ఇన్నేళ్ళు పట్టింది.