మొవ్వు మీద గీత

మా ఇంట్లో మంచుతాటి చెట్టుందని, అది మేడ పిట్టగోడను దాటి పెరిగిందని కల్లూరు షేర్ ఆటోల్లో నేను చెప్పని మనిషి లేడు. మంచుకొండల చెట్టు కర్నూలు ఎండలో నిలబడిందంటే అంతా నా చేతి చలవేనని కూడా చెప్పాను. ఇప్పుడు కొలతలు సరిచేస్తాను. డ్రమ్ముతో కలిపి చూసినా అది నా రొమ్ము దాకా రాదు. పెంచింది నేను కాదు. ఈ వేసవిలో దాని ప్రాణం మీదికి తెచ్చింది మాత్రం నేనే.

అది మా బావది. మా ఆవిడకు అన్న, మిలిటరీలో చేసి వచ్చి బద్వేలులో ఇల్లు కట్టుకున్న మనిషి. ఆయన భార్య నాకు అక్క వరుస. వాళ్ళు హిమాలయాల వైపు ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఆమె ఎక్కడో రాలిన గింజను తెచ్చి నూనె డబ్బాలో నాటి, పెరిగాక డ్రమ్ములోకి మార్చింది. విసనకర్రల్లాంటి ఆకులు, మాను చుట్టూ ఎలుగుబంటి బొచ్చులాంటి పీచు. అసలు పేరేమిటో ఆమెకూ తెలియదు, మంచుతాటి అనేది. మంచు కురిసే రోజుల్లో ఆకులన్నీ పైకి చేర్చి తాడుతో కట్టి, నెత్తిన తట్ట బోర్లించేదట. చలి దాన్ని ఏమీ చెయ్యదని, కరిగిన నీళ్ళు మొవ్వులోకి దిగితేనే ముప్పని ఆమె నమ్మకం. మొవ్వంటే నడినెత్తిన ఈటెలా నిలబడే, ఇంకా విచ్చుకోని ఆకు. ఈ చెట్టుకు కొమ్మలుండవు, చిగుళ్ళుండవు. మొవ్వు మొదలంటా కుళ్ళితే చెట్టు పోయినట్టే.

ఇంకో అలవాటు కూడా ఉండేది ఆమెకు. పెన్నుతో మొవ్వు మీదా, పక్కనున్న ఆకు కాడ మీదా కలిపి అడ్డంగా ఒక గీత గీసేది. మొవ్వు పెరిగితే దాని మీది గీత పైకి జరుగుతుంది, కాడ మీదిది ఉన్నచోటే ఉంటుంది. చెట్టు బాగుందా లేదా అన్నది ఆ రెంటి మధ్య ఎడం చెప్పేది. ఆమె పోయాక బావ ఆమె చీరలు ఇచ్చేశాడు, వంటసామాను ఇచ్చేశాడు. ఆ డ్రమ్మును మాత్రం ఎవరినీ తాకనివ్వలేదు. ఆమె చేత్తో పెంచినవాటిలో ప్రాణంతో మిగిలింది అదొక్కటే.

అలాంటిదాన్ని ఎండలు ముదరకముందే తెచ్చి మా వాకిట్లో దించాడు. మోకాలికి ఆపరేషను, తర్వాత ఆత్మకూరులో కూతురింట్లో విశ్రాంతి, బద్వేలు ఇంటికి తాళం. దిక్కులేక దించాడని మా ఆవిడ అంటుంది. నా చేతిలో ఎండుకట్టె కూడా చిగురిస్తుందని నేను ఆసుపత్రిలో గొప్పలు చెప్పినందువల్ల దించాడని నేనంటాను. వెళ్ళేముందు ఆమె గీసినట్టే మొవ్వుకూ కాడకూ కలిపి గీత గీసి, ఒకే మాట చెప్పాడు: మొవ్వును తడపొద్దు.

రోహిణి కార్తె వచ్చింది. వాకిట్లో పరిచిన నాపరాళ్ళు పొద్దుగూకినా సెగలు కక్కుతున్నాయి. ఆకుల అంచులు మాడసాగాయి. నాకు భయం పట్టుకుంది. వేసవిలో మనం చల్లగా ఉంచాలనుకునేదాన్ని ఏం చేస్తాం? నీళ్ళకుండకు చేసినట్టే చేశాను. గోనెపట్ట తడిపి మాను చుట్టూ, నెత్తి దాకా చుట్టి తాడు బిగించి, ఆరినప్పుడల్లా చెంబుతో పైనుంచి పోశాను.

మా ఆవిడ గడపలో నిలబడి చూసింది.

"ఏమయా, కడవకు చుట్టినట్టు చుట్టినావు. దాంట్లో నీళ్ళేమన్నా ముంచుకొని తాగుతావా?"

మంచులో పుట్టినదానికి చల్లదనం కావాలని ఆమెకు పాఠం చెప్పాను. బావ చెప్పింది చలిదేశపు సంగతి, ఇది కర్నూలు, అన్నాను.

తర్వాత గోనె విప్పి చూసినప్పుడు గీత కదల్లేదు. ఇంకొన్నాళ్ళకు చూసినా అక్కడే. బావ ఫోన్ చేసినప్పుడల్లా ముందు గీత సంగతే అడిగేవాడు, మోకాలు సంగతి ఆ తర్వాతే. జరిగిందన్నాను. తర్వాతిసారి ఇంకా జరిగిందన్నాను. ఫోన్ పెట్టేశాక మా ఆవిడ నన్నొక చూపు చూసి లోపలికి పోయేది. నాలుగు మాటలంటే బాగుండేది. నేను రోజూ పొద్దున్నే పళ్ళు తోముకోకముందే వెళ్ళి మొవ్వు దగ్గర కళ్ళు చిట్లించి నిలబడేవాణ్ణి. ఆకుపచ్చ తగ్గి మొదలు దగ్గర పసుపు తిరుగుతోంది. పట్టుకుని లాగి చూడాలంటే చెయ్యి రాలేదు. గట్టిగా ఉంటే బతికున్నట్టు, ఊడివస్తే పోయినట్టు. ఆ సంగతి నాకు తెలియకూడదనుకున్నాను.

బావ బయల్దేరానని ఫోన్ చేసిన పొద్దున నేను చేసిన పని చెబుతాను. గోనె విప్పి దాచేసి, మొవ్వు మీది గీతను గోటితో గీకి చెరిపి, పైన మళ్ళీ గీశాను. నువ్వుగింజంత జరిపి ఉంటే సరిపోయేది. చిన్న అబద్ధం నాకు చేతకాదు. బెత్తెడు పైన గీశాను.

బావ లగేజీ ఆటోలో దిగాడు. చేతికర్ర ఊతంతో నేరుగా డ్రమ్ము దగ్గరికే నడిచాడు. అద్దాలు తుడుచుకుని చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఆమె ఉన్నప్పుడు కూడా ఇంత పెరగలే బావా," అన్నాడు మెల్లగా. "నువ్వు ఫోన్లో చెప్తాంటే గొప్పలు పోతాండావనుకుంటి. తప్పు నాది. నీ చెయ్యి మంచిది."

తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. ఆయన అక్కడితో ఆగలేదు. ఇంత జోరుమీదుంది కాబట్టి ఈ పూటే బద్వేలు తీసుకెళ్తానని, గుంత తవ్వించి పెట్టానని, డ్రమ్ము కోసి నేలలో దించేస్తానని చెప్పాడు. ఆటో ఎందుకు తెచ్చాడో అప్పుడు అర్థమైంది. ఎండలో అంత దూరం, వేర్లు కదిలించి కొత్త గుంతలో పెట్టడం. బాగున్న చెట్టయితే తట్టుకుంటుంది. ఇది దారిలోనే పోతుంది. పోతే ప్రయాణానికి పోయిందనుకుంటాడు, నా మీద మాట రాదు. ఆ ఆలోచన నాకు రాలేదని రాయను. వచ్చింది. ఆటో అతను డ్రమ్ము అంచు పట్టుకుని ఓ పక్కకు వంచేదాకా నేనలాగే నిలబడ్డాను.

"దించప్పా," అన్నాను అతనితో. తర్వాత బావ వైపు చూడకుండా, "ఆ గీత నేను గీసినా బావా. పొద్దున. అది పెరగలే," అన్నాను.

బావ చేతికర్ర గోడకానించి, వంగి, రెండు వేళ్ళతో మొవ్వు పట్టుకుని లాగాడు. బలం కూడా పెట్టలేదు. వెన్నలోంచి వెంట్రుక వచ్చినట్టు వచ్చేసింది. మొదలు గోధుమరంగుకు తిరిగి మెత్తబడి ఉంది. పులిసిన కొబ్బరినీళ్ళ కంపు. మా ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుంది, వాసనకు కాదు.

"తడిపినావా?"

"గోనె చుట్టినా."

ఆయన ఆ మొవ్వును చేతిలోనే పట్టుకుని నాపరాళ్ళ మీద కూలబడ్డాడు. అక్కణ్ణుంచే రంపం ఉందా అని అడిగాడు. కుళ్ళు ఎంతలోతు దిగిందో అంతవరకూ కొయ్యాలని, తెల్లటి కండ తగిలితే ఆశ ఉందని, మొదలంటా నల్లగానే ఉంటే లేదని చెప్పాడు. రంపం తెచ్చి ఇవ్వబోతే తీసుకోలేదు.

"నా చేత కాదు. నువ్వు కొయ్యి."

కోశాను. మొదటి ముక్క నల్లగా పడింది. రెండోదీ అంతే. ఇంకొంచెం కిందికి కోస్తే గోధుమరంగు. కోసేకొద్దీ చెట్టు పొట్టిదవుతోంది. బావ ముక్కల్ని చూడటం మానేసి గేటు వైపు చూస్తున్నాడు. ఇంక మానులోకి దిగితే కోసి లాభం లేదనిపించిన చోట మా ఆవిడే ముందు చూసింది.

"అన్నా, తెలుపు ఉండాది."

ఉంది. చుట్టూ ఇంకా కొంత మరక, నడిమధ్యలో ముంజెలాంటి తెలుపు. బావ వేలితో తాకి చూశాడు. మిరపతోటలకు వాడే రాగి మందు తెప్పించి పూయించాడు. ఎండ తగలకుండా పైన తట్ట బోర్లించాడు, ఆమె మంచుకు బోర్లించినట్టే. ఆటోను ఖాళీగా పంపేశాడు.

తర్వాత నా జేబులోని పెన్ను తీసుకుని, కోసిన చోట నడిమి తెలుపు మీదా దాని చుట్టూ ఉన్న కాడ మీదా కలిపి గీత గీశాడు. మూత బిగించి పెన్ను తన జేబులో పెట్టుకున్నాడు.

"చెట్టు ఈడే ఉంటాది. పెన్ను నా దగ్గర ఉంటాది."

చినుకులు పడ్డాక మళ్ళీ వచ్చాడు. అన్నాళ్ళూ నేను ఆ తట్ట ఎత్తలేదు, ఆయనే ఎత్తాలని. మోకాలు నొప్పెడుతున్నా వంగి, తట్ట తీసి, అద్దాలు సర్దుకున్నాడు. మా ఆవిడా నేనూ చెరో పక్కన నిలబడ్డాం. చాలాసేపటికి వేలు పెట్టి చూపించాడు. నడిమి గీత చుట్టూరా ఉన్నదాన్ని విడిచి పైకి లేచింది.

"వడ్లగింజంత," అన్నాడు బావ.

నేను నోరు తెరిచాను. మా ఆవిడ నా వైపు చూసింది.

"వడ్లగింజంతే," అన్నాను.