అక్క సీటులో దిండ్లు

వ్యాన్ల స్టాండులో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. నిండుబండి అంటారు. ఇరవై రెండేళ్లుగా వ్యాను నడుపుతున్నాడు, ఒక్కసారి కూడా ఖాళీ బండితో ఊరు దాటింది లేదు. పోయేటప్పుడు ఫ్యాన్లు వేసుకుపోతే వచ్చేటప్పుడు ఉల్లిపాయలు, అవి దొరక్కపోతే పాత ఇనుము, అదీ లేకపోతే ఇల్లు మారుతున్న వాళ్లెవరివో మంచాలు, బీరువాలు. "వీణ్ణి పెళ్లికి పిలిస్తే, ఆ దారిన ఏదైనా లోడు ఉందేమో కనుక్కుని మరీ వస్తాడు" అని తోటి డ్రైవర్లు నవ్వుకునేవాళ్లు. అతనూ నవ్వేవాడు. ఆ పేరంటే లోపల కాస్త గర్వం కూడా ఉండేది.

దీన్ని దురాశ అనుకుంటే పొరపాటు. కిరాయి రేట్లు ఖరారు చేసేవాళ్లు ఏ రోజూ స్టీరింగు పట్టుకోనివాళ్లు. సరుకు దించేశాక ఆ బండి మళ్లీ ఇంటికి రావాలన్న సంగతి వాళ్ల కాగితాల్లో ఉండదు. ఆ తిరుగుదారి భారమంతా డ్రైవరు నెత్తిన పడుతుంది. అందుకని ఖాళీ బండి కనిపిస్తే చాలు, డ్రైవరుకి గుండె జారిపోతుంది. ఏళ్ల తరబడి ఆ భయం ఒంట్లో ఇంకిపోయాక, బండి వెనక జాగా ఉంటే నింపాల్సిందేనని చేతులకి అలవాటైపోతుంది. ఆ జాగా ఎవరి కోసం ఉందో చేతులు అడగవు.

అతన్ని పెంచింది అక్క. అతనికి ఏడేళ్లప్పుడు తల్లీ తండ్రీ ఒకరి వెనక ఒకరు పోతే, ఇరవై ఏళ్ల అక్క చదువు మానేసి చేతికందిన పనల్లా చేసింది. చివరికి పెద్ద లాండ్రీలో కుదురుకుంది. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల దిండు గలీబులు అక్కడికి గుట్టలుగా వచ్చేవి. ఆవిరి ప్రెస్సు ముందు ముప్పై ఒక్కేళ్లు నిలబడింది. నిలబడింది అని ఊరికే అనడం లేదు. ప్రెస్సు దగ్గర కుర్చీ వేస్తే పని నెమ్మదిస్తుందని మేనేజరు నమ్మకం. ఆ మాట కూర్చునే చెప్పాడు. ఒకసారి ఆడవాళ్లంతా కలిసి సంతకాలు పెట్టి స్టూళ్లు కావాలని అడిగారు. నెల తిరిగేసరికి గోడకి కొత్త గడియారం వచ్చింది. స్టూళ్లు రాలేదు.

ఆవిరిలో అన్నేళ్లు ఉడికిన మనిషికి ఒకే ఒక్క కోరిక. సముద్రం చూడాలి. చూడటం కూడా కాదు, ఆ గాలి తగలాలి.

"సముద్రం గాలి నిజంగా చల్లగా ఉంటుందిరా, లేక ఊరికే చెప్పుకుంటారా?" అని తమ్ముణ్ణి అడిగేది.

"చల్లగానే ఉంటుందక్కా. కాస్త జిడ్డుగా ఉంటుందంతే."

"జిడ్డు నాకు లెక్క కాదులే. చల్లగా ఉంటే చాలు."

ఆ ఏడు మే నెలాఖరుకి అక్క రిటైరవుతోంది. జూన్ మొదటి వారంలో అందరం కలిసి వ్యానులో పోదామని నిండుబండే అన్నాడు. దారి అతనికి కొట్టిన పిండి. ఒక రోజంతా ఎడారి, రెండో రోజు కొండ దిగితే సముద్రం. అక్కడ రెండు రోజులుండి తిరిగి రావడం. పదమూడేళ్ల కూతురికి ఇసుక దిబ్బలు చూడాలని, భార్యకి ఎక్కడికైనా సరే వంటిల్లు కనబడకుండా ఉంటే చాలని.

నెల ముందు నుంచే రాత్రి భోజనాలయ్యాక బల్ల మీద కాగితం పరిచేవాళ్లు. కూతురు పెన్సిలుతో దారి గీసింది. ఏ పెట్రోలు బంకులో మంచినీళ్లు దొరుకుతాయి, ఎక్కడ నీడ ఉంటుంది, ఎక్కడ ఆడవాళ్లకి బాత్రూము ఉంది, అన్నీ తండ్రిని అడిగి రాసుకుంది.

"ఇక్కడ బాత్రూము ఉందా నాన్నా?"

"ఉంది."

"తలుపుందా?"

తండ్రి తల గోక్కున్నాడు. "నేను మగాళ్ల వైపు వెళ్తాను కదమ్మా."

"అయితే ఉందని ఎలా చెప్పావు?" అంది కూతురు.

"వదినా, మీ తమ్ముడికి బండికి తలుపుందో లేదో ఒక్కటే తెలుసు" అంది భార్య. అక్క పొట్ట పట్టుకుని నవ్వింది.

సీట్లు కూడా అప్పుడే ఖరారైపోయాయి. ముందు వరసలో అతనూ, భార్యా, కూతురూ. మధ్య సీటు మొత్తం అక్కది. అప్పటికే అక్క కాళ్ల మీద నరాలు తాళ్లలా ఉబ్బి నీలంగా తేలి ఉండేవి. కాళ్లు చాపుకుని పడుకుని రావాలని తమ్ముడు టేపు పట్టుకుని కొలిచి, సీటు పక్కన చెక్క బిగించి, పైన స్పాంజి వేశాడు. అక్క ఎక్కి పడుకుని చూసింది. "మహారాణిలా ఉందిరా" అంది. మర్నాటి నుంచి అందరి బట్టలూ తీసి ఇస్త్రీ మొదలుపెట్టింది. సముద్రంలో తడిపే బట్టలకి ఇస్త్రీ ఎందుకత్తా అని మేనకోడలు అంటే, "నలిగిన బట్టలతో వెళ్తే సముద్రం ఏమనుకుంటుంది?" అంది.

బయల్దేరడానికి మూడు రోజుల ముందు బుకింగ్ ఏజెంటు ఫోన్ చేశాడు.

"సముద్రం వైపు పోతున్నావంట కదా. తేలిక సరుకు ఒకటుంది. కొత్త హోటలు, సీజను మొదలవకముందే అందాలి."

"ఈసారి ఇంట్లోవాళ్లతో పోతున్నాను బాబాయ్."

"పో, ఎవరొద్దన్నారు? దిండ్లయ్యా. నాలుగొందల దిండ్లు. మొత్తం కలిపినా నీ బండికి గాలంత బరువు. ఖాళీగా పోతావా, నువ్వు?"

ఆ చివరి మాట చాలు. నిండుబండి బరువు లెక్క వేసుకున్నాడు. టైర్లకి ఏమీ కాదు, ఘాటు రోడ్డు ఎక్కడానికి ఇబ్బంది లేదు, డీజిలు కూడా పెద్దగా తాగదు. సరేనన్నాడు. ఇరవై రెండేళ్లుగా సరుకు మోసిన మనిషి, దిండ్లకి బరువుండదు గాని జాగా కావాలన్న సంగతి మరిచిపోయాడు. ఫ్యాన్లు మోసేవాడు, ఉల్లిపాయలు మోసేవాడు చేసే పొరపాటే అది. వాళ్లకి సరుకంటే బరువే.

బయల్దేరే రోజు పొద్దున దిండ్ల మూటలు వచ్చాయి. వెనక భాగం నిండింది. ఇంకా మూటలు మిగిలాయి. స్పాంజి వేసిన చెక్క తీసేసి, వాటిని మధ్య సీటులో సర్దారు. కిటికీల దాకా నిండింది. హమాలీ ఆఖరి మూటని భుజంతో నెట్టి తలుపు మూశాడు.

ఇంటి ముందు అందరూ నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చేసిన బట్టల్లో, నీళ్ల క్యాన్లతో, చెప్పులు తుడుచుకుని. ముందు సీటులో ముగ్గురికి మించి పట్టరు. దూరం పోయే బండిలో నలుగుర్ని ఇరికిస్తే గేరు వెయ్యడానికి చెయ్యి కదలదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

నిండుబండి టైర్లని కాలితో తన్ని చూశాడు. అద్దం తుడిచాడు. తాళాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. లోపల మాత్రం అతనికి తెలుసు తను దేనికోసం ఎదురుచూస్తున్నాడో. ఎక్కువసేపు చూడాల్సిన పని లేకపోయింది.

"నేనెందుకులేరా," అంది అక్క. "కాళ్లు కూడా బాగా లాగుతున్నాయి. మీరు వెళ్లి రండి. సముద్రం ఎక్కడికి పోతుంది?"

"వదినా, మీరు వెళ్లండి. నేనుంటాను" అంది భార్య.

"భలేదానివి. పిల్లని ఎవరు చూసుకుంటారు? ఎక్కు." ఆ తర్వాత అక్క కిటికీలోంచి మూటల్ని చూసి నవ్వింది. "ముప్పై ఒక్కేళ్లు గలీబులు ఇస్త్రీ చేశానా, ఇప్పుడు దిండ్లే వచ్చి నా సీటెక్కాయి."

అందరూ నవ్వారు. కూతురు నవ్వలేదు.

ఇంట్లో ఎవరో ఒకరు తగ్గాల్సి వస్తే, తగ్గేదెవరో చాలా ముందే తేలిపోయి ఉంటుంది. ఎవరూ ఓటు వెయ్యరు, ఎవరూ ఆజ్ఞ ఇవ్వరు. ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చిన మనిషే మళ్లీ తగ్గుతుంది. దాన్ని త్యాగమని మెచ్చుకుని మిగతావాళ్లు బండెక్కుతారు.

ఎడారిలో కూతురు ఇసుక దిబ్బల దగ్గర బండి ఆపితే దిగనంది. పెట్రోలు బంకు దగ్గర మాత్రం దిగి, ఆడవాళ్ల బాత్రూముకి వెళ్లి వచ్చి, "తలుపుంది" అని చెప్పి మళ్లీ ఎక్కి కూర్చుంది. మధ్యాహ్నం ఎండకి రోడ్డు నీళ్లలా మెరుస్తుంటే భార్య అంది, "వదినకి ఇది కూడా చూపించాల్సింది." అతను అద్దంలో వెనక్కి చూశాడు. మూటలు తప్ప ఏమీ కనిపించలేదు.

"నాన్నా, ఆ దిండ్లు రెండు రోజులు ఆలస్యమైతే ఎవరి మెడ విరిగేది?" కూతురు అడిగింది.

అతను హారన్ కొట్టాడు, ముందు బండి ఏదీ లేకపోయినా.

హోటల్లో స్టోరు గుమస్తా నాలుగొందల దిండ్లనీ ఒక్కొక్కటీ విప్పి, నొక్కి, మరకలున్నాయేమోనని చూశాడు. సగం రోజు పోయింది. సముద్రం దగ్గరికి వెళ్లేసరికి సాయంత్రమైంది. గాలి చల్లగానే ఉంది. నిండుబండి అక్కకి ఫోన్ చేసి, నీళ్ల దాకా నడిచి, అలల ముందు ఫోను పట్టుకున్నాడు.

"వినబడుతోందా అక్కా?"

"ఏదో గరగరమంటోందిరా. సిగ్నల్ సరిగా లేనట్టుంది."

"అదే సముద్రం."

"అదా. బాగుంది, బాగుంది. పిల్ల జాగ్రత్త." అని పెట్టేసింది.

రెండు రోజులు ఉంటామనుకున్నవాళ్లు మర్నాడే తిరిగొచ్చారు. తిరుగుదారిలో అతను ఏ లోడూ అడగలేదు. ఆ పాటి బుద్ధి వచ్చింది గాని, రావలసిన రోజుకి రాలేదు.

వచ్చే ఎండాకాలం అక్క ఒక్కదాని కోసమే పోదామని మనసులో ఒట్టు పెట్టుకున్నాడు. ఆ చలికాలంలోనే అక్క ఎడమ కాలు మోకాలి కింద వాచి రాయిలా గట్టిపడింది. సిరలో రక్తం గడ్డ కట్టిందన్నారు. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. మంచం మీద పరిచిన దుప్పటి అంచు చూసి, అది తన లాండ్రీదేనని, మడత మాత్రం కొత్త పిల్లెవరో వేసిందని చెప్పింది.

ఏప్రిల్లో నిండుబండి ఏజెంటుకి జూన్ మొదటి వారం తనకి ఏ సరుకూ చెప్పొద్దన్నాడు. స్టాండులో అందరూ ముఖముఖాలు చూసుకున్నారు. వ్యాను వెనకంతా ఖాళీ చేసి పరుపు వేయించాడు. ఆ తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లాడు.

"పడుకోబెట్టే తీసుకెళ్తాను డాక్టరుగారూ. గంటకోసారి ఆపి నడిపిస్తాను."

"ఎడారిలో ఏడు గంటల దారిలో ఒక్క ఆసుపత్రి ఉందా?"

లేదు. అతనికంటే బాగా ఎవరికి తెలుసు?

"దారిలో గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే మీరేం చేయగలరు?" అన్నాడు డాక్టరు. "పోయినేడు తీసుకెళ్లి ఉండాల్సింది. అప్పుడు బాగానే ఉన్నారుగా."

డాక్టరు మామూలుగానే అన్నాడు. అతనికేం తెలుసు పాపం.

ఇంటికొచ్చేసరికి అక్క వంటింటి గడప దగ్గర కుర్చీలో కూర్చుని, కాలు ముక్కాలిపీట మీద పెట్టుకుని చిక్కుళ్ల ఈనెలు తీస్తోంది. అతను వచ్చి నేల మీద కూర్చుని తనూ ఒక గుప్పెడు తీసుకున్నాడు.

"వద్దన్నాడా?" అంది అక్క.

"ఊఁ."

"అనుకున్నాను. పోనీలేరా. నువ్వు ముఖం అలా పెట్టుకోకు."

"ఆ రోజు ఆ లోడు ఒప్పుకోకుండా ఉండాల్సింది."

అక్క చేతిలో చిక్కుడుకాయ రెండుగా విరిచింది. "లోడు సంగతి నాకు కోపం లేదురా. పని చేసుకునేవాళ్లం, పనొస్తే కాదనలేం. నాకా బాధ తెలుసు. కానీ ఆ పొద్దున నువ్వు టైర్లు తంతూ నిలబడ్డావు చూడు, అది మాత్రం నా మనసులోంచి పోలేదు. 'అక్కా, నీకు చోటు లేదు' అని నువ్వే అని ఉంటే ఏడ్చేదాన్ని, తిట్టేదాన్ని, నాలుగు రోజుల్లో మరిచిపోయేదాన్ని. నువ్వు అనలేదు. నా నోటితోనే అనిపించావు. నాకు సముద్రం వద్దని నేనే చెప్పినట్టయింది."

నిండుబండి తలెత్తలేదు. ఏడేళ్ల వయసు నుంచి ఈ మనిషి తనకోసం ఎన్నిసార్లు 'నేనెందుకులే' అందో, అందులో ఎన్నిసార్లు తను నోరు మూసుకుని ఎదురుచూశాడో లెక్కకు రాలేదు. అక్కకి పెళ్లి మాట వచ్చినప్పుడు కూడా అలాగే అంది. అప్పుడతనికి పద్దెనిమిదేళ్లు. మంచి అక్క అనుకున్నాడు.

"నీకు చోటు లేదన్నది నేనే అక్కా," అన్నాడు. "నువ్వు కాదు. నేను."

అక్క అతని వంక చూసింది. చాలాసేపు చూసింది.

"ఊఁ," అంది. "ఏడాది పట్టింది."

తర్వాత పళ్లెం అతని వైపు జరిపింది. "మిగతావి నువ్వు తియ్యి. నాకు కాలు లాగుతోంది, కాసేపు పడుకుంటాను."

లేవబోతుంటే అతను చెయ్యి అందించాడు. అక్క గోడ పట్టుకుని లేచింది.